పాత బోర్డు కొత్తగా ఉన్నప్పుడు

జగ్గయ్యపేటలో నన్ను డిజైనర్ అని చాలాకాలం ఎవరూ అనలేదు. మొదట్లో బోర్డులమ్మాయి అన్నారు. కంప్యూటర్ వచ్చాక డీటీపీ పద్మ అన్నారు. ఫ్లెక్సులు వచ్చాక ఫ్లెక్సు పద్మక్కనయ్యాను. కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాక ఇప్పుడు కాలేజీ పిల్లలు వచ్చి, మీరు సీనియర్ డిజైనరట కదా ఆంటీ అంటున్నారు. పని మానేశాక హోదా పెరిగింది. నాకైతే సరదాగానే ఉంది.

వాళ్ళందరూ వచ్చేది ఒకే ప్రశ్నతో. రెట్రో ఎలా చేయాలి? ఫోను తీసి చూపిస్తారు. పాత సబ్బు కాగితాల్లాంటి లోగోలు, మాసిన రంగుల పోస్టర్లు, పొట్టలు ఉబ్బిన అక్షరాలు, వాటి వెనక లావుపాటి నీడలు. కాఫీ కొట్టు పెట్టేవాడూ అదే అడుగుతున్నాడట, పెళ్ళికార్డు వేయించుకునేవాడూ అదే అడుగుతున్నాడట. నా చిన్నప్పుడు గత్యంతరం లేక చేసిన పనిని ఇప్పుడు మోజుపడి చేయించుకుంటుంటే నాకు నవ్వూ వస్తుంది, సంతోషమూ కలుగుతుంది.

ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో ఇందులో ఉండదు. అది నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను ఎవరి దగ్గర తిట్లు తిని ఈ పని నేర్చుకున్నానో, ఈ వేసవిలో ఒక అప్పడాల పొట్లం నన్ను ఇంట్లోంచి లాగి మళ్ళీ ఎలా పని చేయించిందో చెబుతాను.

ఏం కనపడింది?

ఇంటర్ అయిపోయాక మా నాన్న నన్ను నందిగామలో వీరభద్రం గారి షెడ్డుకి తీసుకెళ్ళారు. వీరభద్రం గారు బోర్డులు రాసే ఆర్టిస్టు. నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఏ ఎరువుల కొట్టు చూసినా, ఏ బట్టల కొట్టు చూసినా బోర్డు కింద మూలన ఆయన సంతకం ఉండేది. ఆడపిల్లకి ఈ పని ఎందుకని ఆయన అడగలేదు. చెయ్యి వణుకుతుందా అని మాత్రం అడిగారు. వణకదన్నాను. బ్రష్షు చేతికిచ్చి రేకు ముక్క మీద సున్నాలు చుట్టమన్నారు. తెలుగు అక్షరాలన్నీ సున్నాలోంచే పుడతాయని ఆయన నమ్మకం. వారాల తరబడి సున్నాలే చుట్టాను. ఇంటర్ చదివించింది సున్నాలు పెట్టడానికా అని మా అమ్మ ఏడిపించేది.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. బోర్డు బిగించి, రంగు ఆరాక, దాన్ని రాసినవాళ్ళని బస్సెక్కించేవారు. తనూ పక్కన కూర్చునేవారు. షెడ్డులో నిలబడి చూస్తే ఏ బోర్డైనా బాగానే ఉంటుందని, జనం మాత్రం బోర్డుని బస్సు కిటికీలోంచో, సైకిలు మీద నుంచో, ఎండకి కళ్ళు చికిలించుకునో చూస్తారని ఆయన అనేవారు. మా బోర్డు దాటగానే ఒకే ప్రశ్న వేసేవారు. "ఏం కనపడింది?" బాగుందా అని ఎప్పుడూ అడగలేదు.

జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్టుకి నేను మొదటిసారి సొంతంగా బోర్డు రాశాను. పేరు చుట్టూ పూలతీగలు అల్లాను. ఒక్కో ఆకుకీ వెలుగు వైపు ఒక రంగు, నీడ వైపు ఒక రంగు. నా పని నాకే ముద్దొచ్చింది. బస్సు ఆ కొట్టు దాటింది. ఏం కనపడిందని ఆయన అడిగారు. తీగలు కనపడ్డాయండి అన్నాను ఉత్సాహంగా.

"అయితే జనం పూలకోసం వస్తారు. కొట్టాయన చీరలు పెట్టుకు కూర్చున్నాడమ్మాయ్."

బస్సులో ముందు సీటాయన కూడా నవ్వాడు. మర్నాడు నేనే నిచ్చెనెక్కి తీగలన్నీ తెల్లరంగుతో కొట్టేసి పేరు పెద్దది చేశాను. అప్పుడు కొట్టాయన నాకు ఓణీ గుడ్డ పెట్టాడు. ఆ ఓణీ చాలాకాలం కట్టుకున్నాను.

వీరభద్రం గారికి మూడు రంగులు దాటితే చిరాకు. అదేదో గొప్ప సిద్ధాంతం అనుకోకండి. ఒక రంగు ఆరితే గాని ఇంకోటి వేయలేం, వానాకాలమైతే అది ఆరనే ఆరదు. అందుకే తక్కువ రంగులతో పని కానిచ్చేవాళ్ళం. దూరానికి తేలాలని అక్షరం వెనక లావుగా నీడ వేసేవాళ్ళం. చదువురాని వాళ్ళు బొమ్మ చెప్పి సరుకు అడిగేవాళ్ళు కాబట్టి ప్రతి సరుకుకీ ఒక మార్కు ఉండేది. చిలక మార్కు, తాళంచెవి మార్కు, గొడుగు మార్కు. ఒక్కటే బొమ్మ, చుట్టూ దిట్టమైన గీత. పిల్లలూ, మీరు ఇవాళ రెట్రో అని దించుతున్నవన్నీ ఇవే. వాటి వెనక ఉన్న అవసరం తెలుసుకుని దించితే బొమ్మకి ప్రాణం వస్తుంది. తెలియకుండా దించితే ఫ్యాన్సీడ్రెస్ పోటీలో వేషంలాగా ఉంటుంది.

గ్రూపు ఫోటోలు

తర్వాత కంప్యూటర్ వచ్చింది, దాని వెనకే ఫ్లెక్సు వచ్చింది. నేను జగ్గయ్యపేటలో సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. ఆరబెట్టే పని లేదు, రంగులకి లెక్క లేదు. దాంతో నాకూ పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఇంద్రధనుస్సులో ఉన్నవీ లేనివీ అన్నీ వాడేశాను. పుట్టినరోజైనా, కొట్టు ప్రారంభమైనా ఇంటిల్లిపాదీ తలకాయలు పెట్టమనేవాళ్ళు, పెట్టేదాన్ని. ఒకాయన తన ఎద్దుల జత ఫోటో కూడా పెట్టించుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఫ్లెక్సులో అన్నిటికంటే అందంగా వచ్చినవి ఎద్దులే.

అప్పటికి వీరభద్రం గారు పని మానేశారు. ఒకసారి పేటకి వచ్చినప్పుడు నా కొట్టు ముందు నిలబడి ఫ్లెక్సులన్నీ తీరిగ్గా చూశారు. నా పొట్ట కొట్టావని అంటారేమో అని భయపడ్డాను. ఆయన నవ్వేసి, ఇవి బోర్డులు కావమ్మాయ్, గ్రూపు ఫోటోలు అన్నారు. టీ తాగి, మౌసు పట్టుకుని ఒక సున్నా చుట్టి చూసి, వంకర పోయిందని మళ్ళీ నవ్వారు. కొత్త పనిముట్టు మీద కోపం పెట్టుకోని మనిషిని ఆయన్నే చూశాను. ఆయన పోయి చాలాకాలమైంది.

ఫ్లెక్సుని తిట్టడం ఇప్పుడు ఫ్యాషను. నేను తిట్టను. అది నాకు అన్నం పెట్టింది, ఊళ్ళో అందరికీ ఒక్కరోజైనా రోడ్డు మీద పెద్దగా కనపడే సరదా తీర్చింది.

ఎవరి పాతకాలం?

కొట్టు మూసే ముందు చేసిన పనుల్లో ఒకటి చెప్పాలి. హైవే పక్కన టిఫిన్ హోటల్ పెడుతున్న ఒకాయన వచ్చాడు. గోడలన్నీ రెట్రోగా చేయమన్నాడు. హైదరాబాదులో ఏదో హోటల్ ఫోటోలు తెచ్చాడు. గ్రామఫోను, పాత రేడియో, గుండ్రటి హెడ్‌లైటు స్కూటరు, పొగాకు పైపు నోట్లో పెట్టుకున్న దొరగారు.

"మీ ఇంట్లో గ్రామఫోను ఉండేదాండీ?" అని అడిగాను.

"మా ఇంట్లో కరెంటే లేదు మేడమ్."

మరి ఇడ్లీ తినేవాడికి ఇది ఎందుకు చూపించాలని అడిగితే, రెట్రో అంటే ఇదే కదండీ అన్నాడు పాపం. మాటల్లో పెట్టి అడిగితే, హోటల్ ఆలోచన రాకముందు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి లారీ నడిపేవాడినని చెప్పాడు. లారీ వెనక ఏం బొమ్మ ఉండేదన్నాను. మనిషి మొహం విప్పారింది. ఎదురెదురుగా రెండు నెమళ్ళు, మధ్యలో తామరపువ్వు, పక్కపలకల మీద పసుపూ ఎరుపూ చారలు. ఏ రంగు ఎక్కడ ఉండేదో కళ్ళు మూసుకుని చెప్పాడు. తొలి జీతంతో అమ్మకి చీర కొన్న కథ కూడా చెప్పాడు గానీ అది మనకి అనవసరం.

ఆ నెమళ్ళనే గోడంతా వేశాం. మెనూ కూడా లారీ మీద ఊరి పేర్లు రాసే పద్ధతిలో, ఎర్ర నేల మీద తెల్ల అక్షరాలతో రాశాను. అదే నెమలిని చిన్నది చేసి పార్సిల్ కవరు మీదా, ఫోనులో ఆర్డరు పెట్టుకునే పేజీలోనూ పెట్టాం. హోటల్ తెరిచిన రోజు ఒక లారీ డ్రైవరు చెయ్యి కడుక్కుంటూ గోడ వైపు చూసి, ఇది మన బండే కదరా అన్నాడు పక్కవాడితో. యజమాని ఆ మాట విని కౌంటర్ దిగి వచ్చి ఇద్దరికీ అడగకుండా నెయ్యి వేయించాడు.

కస్టమర్ రెట్రో అనగానే ముందు మీరు అడగవలసింది అదే. ఎవరి పాతకాలం? ఇంటర్నెట్‌లో దొరికే పాతకాలం ఎక్కువగా వేరే వాళ్ళది. మన కస్టమర్ బతుకులో ఒకటి ఉంటుంది. అది అడిగితే గాని బయటికి రాదు.

శ్రావ్య తెచ్చిన పొట్లం

ఇంతా చెప్పిన నేనే ఈ వేసవిలో చక్కగా బోల్తా పడ్డాను. ఇప్పుడు అప్పడాల కథ.

జగ్గయ్యపేట బజార్లో సుబ్బారావు గారిది కిరాణా కొట్టు. వాళ్ళది తరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. కొట్టు వెనక హాల్లో ఆడవాళ్ళు కూర్చుని అప్పడాలు ఒత్తుతారు. మినప్పిండి, మిరియాలు, ఇంగువ. గొడుగు మార్కు అప్పడాలంటే ఒకప్పుడు పెళ్ళివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఒత్తించే పని సుబ్బారావు గారి భార్య చూసేది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఆ పని కోడలు శ్రావ్య అందుకుంది.

శ్రావ్య ఎంబీయే చదివింది. ఉద్యోగం వస్తే వద్దనుకుని అప్పడాల్లో దిగింది. కానీ కంపెనీ పొట్లాల ధాటికి అమ్మకం తగ్గుతూ వచ్చింది. వెనక హాలు, దాన్ని ఆనుకుని ఉన్న గది కలిపి అద్దెకిమ్మని ఒక సెల్‌ఫోన్ల కొట్టాయన చుట్టూ తిరుగుతున్నాడు. సుబ్బారావు గారు చెడ్డవారు కాదు, విసిగిపోయారు, అంతే. వేసవి పెళ్ళిళ్ళు అయ్యేదాకా చూస్తానమ్మా, అప్పటికీ ఇంతే అయితే హాలు ఇచ్చేద్దాం అని కోడలితో చెప్పేశారు.

ఆ మాట అయిన మర్నాడే శ్రావ్య నా ఇంటికి వచ్చింది. ఫోనులో తనే ఒక లేబుల్ తయారుచేసింది. గోధుమరంగు కాగితం, దాని మీద మడతల గీతలు, బీటలు వారిన అక్షరాలు, అక్కడక్కడా మరకలు, సన్నగా చల్లినట్టు మచ్చలు. మధ్యలో గొడుగు. కింద ఒక గుండ్రటి ముద్రలో, ఫలానా సంవత్సరం నుంచి అని రాయడానికి ఖాళీ వదిలింది.

ఆ సంవత్సరం ఏమిటని అడిగాను. మామగారు ఒకటి చెప్పారట, అత్తగారు ఇంకోటి చెప్పారట, ఎదురు కొట్టాయన ఆ రెండూ కాదన్నాడట. అయితే ఆ ముద్ర తీసేద్దామన్నాను.

"ఇయర్ లేకపోతే రెట్రో ఎట్టా అవుద్ది ఆంటీ?"

అవుతుందిలే అన్నాను. అక్షరాలు ఫోనులో దొరికేవి వాడింది, వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నేను బ్రష్షుతో కాగితం మీద రాసి, స్కాన్ చేసి, కంప్యూటర్లో వాటి అంచుల వెంబడే గీతలు గీశాను. బ్రష్షు వదిలిన చిన్న ఎగుడుదిగుళ్ళు అలాగే ఉంచాను. చెయ్యి ఇంకా వణకలేదు. ఆ ఆనందంలో ఆ మడతలూ మరకలూ నాకూ ముచ్చటగానే కనపడ్డాయి. పాత పెట్టెలోంచి తీసిన కాగితంలా ఉందని ఇద్దరం మురిసిపోయాం. లేబుళ్ళు అచ్చయి వచ్చాయి. పొట్లాలు పేటలోనూ, నందిగామ బస్టాండు దగ్గరి కిరాణా కొట్లోనూ పెట్టాం.

తువ్వాలుకి పోని దుమ్ము

మా పేట సంగతి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, రోజంతా లారీలు. కొట్టు తెరవగానే ఎవరైనా ముందు చేసే పని సరుకు మీద దుమ్ము తుడవడం. దేవుడికి దీపం కూడా దాని తర్వాతే. సుబ్బారావు గారి భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది. మాట్లాడుతూనే చేతికి అందిన డబ్బా, సీసా, పొట్లం తుడుస్తూ ఉంటారు. కొనేవాళ్ళకీ అదే చూపు. దుమ్ము పట్టి, ఎండకి వెలిసి ఉన్న పొట్లం అంటే కొట్టు ముందు నెలల తరబడి వేలాడిన సరుకని అర్థం. ఆ పొట్లం వద్దు, లోపల్నించి కొత్తది తియ్యండి అంటారు. నేను కూడా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలాగే అంటున్నాను.

ఆ ముక్క ఆ రోజు నా బుర్రకి తట్టలేదు.

పొట్లాలు దండగా గుచ్చి కొట్టు ముందు వేలాడదీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. సుబ్బారావు గారు ఒక పొట్లం అందుకుని అలవాటుగా తువ్వాలుతో తుడిచారు. మళ్ళీ తుడిచారు. తువ్వాలు కొస తడిపి రుద్దారు. వెలుతురుకి పట్టుకుని చూశారు. శ్రావ్య గొంతు సవరించుకుని, అది డిజైన్ మామయ్యా అంది.

ఆయన పొట్లం కిందికి దించారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"పొద్దున లేచిన దగ్గర్నించీ దుమ్ము తుడుచుకుంటా బతుకుతున్నామమ్మా. నువ్వు దుమ్ము అచ్చేయించుకొచ్చావా?"

వెనక హాల్లో అప్పడాలు ఒత్తుతున్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వు ఆపుకోలేకపోయాను. శ్రావ్య కూడా నవ్వింది గానీ ఆ పిల్ల కళ్ళల్లో భయం నాకు కనపడింది. భయపడినట్టే అయింది. వారం తిరక్కుండా నందిగామ కొట్టాయన ఫోను చేశాడు. జనం పొట్లం నొక్కి చూసి, వాసన చూసి, పోయినేడాదివా అని అడిగి పెట్టేసి పోతున్నారట. కొత్త సరుకు ఉంటే పంపమ్మా, ఈ వెలిసినవి వద్దన్నాడు. అవి పంపడానికి ముందురోజు ఒత్తినవే.

పెళ్ళిళ్ళు మొదలైపోయాయి. సెల్‌ఫోన్ల కొట్టాయన వచ్చి టేపు పెట్టి హాలు కొలుచుకుని వెళ్ళాడు. శ్రావ్య నా ఇంటికి వచ్చి, కంపెనీ వాళ్ళలాగే మెరిసే కవరు వేయించేద్దాం ఆంటీ, ఈ పాతకాలం మనకి అచ్చిరాలేదు అంది. హాలు పోతే ఆ ఒత్తే ఆడవాళ్ళు ఏం చేస్తారన్నది దాని దిగులు. తన సంగతి మాత్రం ఒక్క మాట కూడా ఎత్తలేదు. నాకు ఆ పిల్ల మీద చాలా ప్రేమ కలిగింది.

చెక్క పట్టీ కింద

ఆ రోజు నాకు వీరభద్రం గారు గుర్తొచ్చారు. ఆయన రంగు డబ్బా మూత తీసినప్పుడు ఎలా ఉండేదో గుర్తొచ్చింది. కళ్ళు జిగేల్‌మనేవి. మేం రాసిన ఏ బోర్డూ గోధుమరంగులో లేదు, ఏదీ మాసి లేదు. మరి పాతకాలం అనగానే మాసిన రంగే ఎందుకు తోస్తోంది? మనం వాటిని ఆఖర్న చూశాం కాబట్టి. ఎండా వానా తిన్నాక మిగిలినదాన్ని చూసి అదే వాటి రంగు అనుకుంటున్నాం.

సుబ్బారావు గారి కొట్టు మీద ఉన్న ఫ్లెక్సు నేను వేసిందే, అందులో ఆయన కుటుంబం మొత్తం ఉంది. దాని వెనక పాత రేకు బోర్డు ఉండాలి. ఆ బోర్డు వీరభద్రం గారు రాసింది. ఫ్లెక్సు విప్పించాను. రేకు బోర్డు బయటపడింది గానీ ఫ్లెక్సు కప్పక ముందే అది ఎండకి తెల్లబోయి ఉంది. గొడుగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. శ్రావ్య నీరసపడిపోయింది. ఇది మన లేబుల్ కంటే వెలిసిపోయింది కదా ఆంటీ అంది.

బోర్డు చుట్టూ చెక్క పట్టీ కొట్టి ఉంది. అప్పట్లో బోర్డు రాయడం పూర్తయ్యాక అంచు మీద పట్టీ బిగించేవాళ్ళు. వడ్రంగిని పిలిచి మేకులు పీకించాను. నిచ్చెన మీద ఉన్న నా చేతికి పై పట్టీ ఊడి వచ్చింది.

దాని కింద, ఎండ ఒక్కరోజు కూడా తగలని చోట, గొడుగు కొస ఉంది. రాణీ గులాబీ రంగు. దాని పక్కన చిలకాకుపచ్చ. వెనక నేల నిమ్మపండు పసుపు. ఎవరో ఆ పూట రంగు వేసి భోజనానికి వెళ్ళినట్టు ఉంది.

సుబ్బారావు గారు కిందనించి చూస్తున్నారు. తువ్వాలు భుజం మీదే ఉంది, తుడవాలని ఆయనకి గుర్తు రాలేదు. "మా నాన్న దీన్ని చూడ్డానికి రోడ్డవతల నిలబడేవాడమ్మా," అన్నారు నాతో. ఆయన గొంతులో పసితనం వినపడింది. శ్రావ్య అయితే నిచ్చెన మీదికి వచ్చేసి ఆ గులాబీ రంగు మీద వేలు పెట్టి చూసింది. నాకు కళ్ళు చెమర్చాయి. సంతోషంతోనే.

ఆ మూడు రంగులనే తీసుకున్నాం, నాలుగోది వేయలేదు. పసుపు నేల, గులాబీ గొడుగు, ఆకుపచ్చ అక్షరాలు. మడత, మరక, మచ్చ ఒక్కటి కూడా లేకుండా తీసేశాం. నీడ మాత్రం లావుగా వేశాను. గొడుగుని అప్పడమంత గుండ్రంగా పరిచాను, ఒకలా చూస్తే అప్పడం, ఇంకోలా చూస్తే గొడుగు. శ్రావ్య అదే గొడుగుని ఫోనులో గిర్రున తిరిగేలా చేసి, పెళ్ళి వంటలవాళ్ళ గ్రూపుల్లో పెట్టింది. అది నాకు చేతకాని పని. గొడుగు తిరుగుతుంటే చిన్నపిల్లలా ఎన్నిసార్లు చూశానో.

మళ్ళీ బస్సు

కొత్త పొట్లాలు నందిగామ వెళ్ళాయి. కొన్నాళ్ళాగి, చూసొద్దాం పద అని శ్రావ్యని బస్సెక్కించాను. సుబ్బారావు గారికి ఆ రోజు నందిగామలో పెళ్ళి ఉంది, ఆయనా అదే బస్సులో వచ్చారు. పట్టుబట్టి ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎందుకో చెప్పలేదు. దారి పొడుగునా ఆయన సెల్‌ఫోన్ల కొట్టాయన మంచివాడని, అద్దె సరిగ్గా ఇచ్చేలా ఉన్నాడని చెబుతూనే ఉన్నారు. శ్రావ్య తల ఊపుతూ వింటోంది.

బస్సు నందిగామలో బస్టాండు వైపు తిరుగుతూ నెమ్మదించింది. కిరాణా కొట్టు కిటికీ పక్కనించి వెళ్ళింది. నేను వీరభద్రం గారి ప్రశ్న అడిగాను.

"ఏం కనపడిందండీ?"

ఆయన మెడ తిప్పి ఇంకా వెనక్కే చూస్తున్నారు. "గొడుగు," అన్నారు. ఇటు తిరిగి, "మన గొడుగే," అన్నారు.

దిగి కొట్టు దగ్గరికి వెళ్ళాం. కొట్టాయన శ్రావ్యని చూడగానే, ఇంకో రెండు బస్తాలు ఎప్పుడు పంపుతావమ్మా అన్నాడు. జనం పేరు కూడా చదవడం లేదట. ఆ గులాబీ గొడుగువి ఇవ్వండి అంటున్నారట. పొద్దున్నే ఒక వంటాయన వచ్చి పెళ్ళికని ఒక దండ మొత్తం తీసుకుపోయాడట. శ్రావ్య ఆ మాటలు వింటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నా నేను చెయ్యి తీసుకోలేదు.

సుబ్బారావు గారు మా మాటలు వింటున్నట్టే లేరు. కొట్టు ముందు మిగిలిన దండ దగ్గర నిలబడ్డారు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, పొట్లాల మీద సన్నగా దుమ్ము పేరుకుంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒక పొట్లం తుడిచారు. పసుపు మీద గులాబీ గొడుగు నిగనిగలాడుతూ బయటికి వచ్చింది. ఆయన తువ్వాలు చూసుకున్నారు, పొట్లం చూశారు. మొహమంతా నవ్వు నిండింది.

"పోయింది చూడమ్మా, దుమ్ము," అన్నారు కోడలితో.

తర్వాత జేబులోంచి ఫోను తీశారు. అవతల సెల్‌ఫోన్ల కొట్టాయన. ఆయన చెప్పింది రెండే ముక్కలు. "బాబూ, నువ్వు వేరే చోటు చూసుకో నాయనా. హాలు మా కోడలికే చాలట్లేదు."

ఫోను పెట్టేసి పెళ్ళికి టైమవుతోందని హడావుడి పడ్డారు. శ్రావ్య మామగారి చేతిలోంచి తువ్వాలు తీసుకుని, దండలో మిగిలిన పొట్లాలన్నీ ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.